రొట్టెల వ్యాను కొండెక్కిన వైనం

"నా గురించి నేను చెప్పుకోవడం నాకు బొత్తిగా ఇష్టం ఉండదు" అంటూ మావయ్య బెంచీ మీద కాలు మీద కాలు వేసుకున్నాడు. అంటే ఇంకో గంట దాకా ఆయన ఇంకెవరి గురించీ మాట్లాడడని మేనకోడలికి అర్థమైపోయింది.

డ్రైవింగ్ పరీక్ష పెట్టే మైదానం గోడకి ఆనించి వేసిన టీకొట్టు అది. రెండు బెంచీలు, పైన రేకు. పిట్టగోడకి అవతల సిమెంటుతో కట్టిన ఎత్తు, దాని సగంలో అడ్డంగా ఒక తెల్ల గీత. పరీక్షకి వచ్చినవాళ్ళు బండిని ఆ గీత మీద ఆపి, వెనక్కి జారకుండా, ఇంజిను ఆగకుండా మళ్ళీ పైకి ఎక్కించాలి. మిగతాదంతా ఎలాగో గట్టెక్కేయొచ్చు. మనుషుల్ని ఇంటికి పంపించేది ఆ గీతే. మేనకోడల్ని ఇప్పటికే రెండుసార్లు పంపించింది.

మావయ్య రొట్టెల కార్ఖానాలో పొయ్యి దగ్గర మనిషి. మేనకోడలు అదే కార్ఖానాలో రొట్టెలకి కాగితం చుట్టే గదిలో పనిచేస్తుంది. ఆ గదికి కిటికీ లేదు. కార్ఖానా వ్యాను నడిపే ఆయన పని మానేస్తున్నాడు. "ఈసారి పాసయితే సోమవారం నుంచి వ్యాను నీది. లేకపోతే ఇంకొకాయన్ని చూసి ఉంచాను" అంది యజమానురాలు. కటువుగా ఏమీ కాదు, ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. పరీక్షకి వ్యాను కూడా ఆవిడే ఇచ్చింది. నేర్చుకునేవాళ్ళ పక్కన లైసెన్సు ఉన్నవాళ్ళు కూర్చోవాలి కాబట్టి మావయ్య వెంట వచ్చాడు. ఇన్నాళ్ళూ ఆదివారాలు పక్కన కూర్చుని నేర్పించిందీ ఆయనే. రోడ్డు మీద రద్దీగా ఉందని ఇవాళ ఇంటి దగ్గర నుంచి ఇక్కడిదాకా తనే నడిపాడు కూడా.

ఎదుటి బెంచీ మీద ఒక దర్జీ ఆవిడ కూర్చుని ఉంది. ఆవిడకీ పరీక్షే. కొట్టు మూసి హడావిడిగా వచ్చినట్టుంది, మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది.

"ఇందాక గేటు దగ్గర ఆగిపోయిన వ్యాను మీదే కదన్నయ్యా? పాపం, చాలాసేపు తిప్పలు పడ్డారు" అంది.

"ఆగిపోలేదమ్మా. నేనే ఆపా. ముందున్నవాళ్ళకి దారివ్వడానికి."

"ముందెవరూ లేరు కదా."

"వస్తారేమోనని."

టీకొట్టావిడ గ్లాసులు కడుగుతూ నవ్వు మింగేసింది.

"మావయ్యా," అంది మేనకోడలు, "ఇవాళ మాత్రం గోడ దగ్గరకొచ్చి అరవకు."

"నేనెప్పుడు అరిచానే? ధైర్యం చెప్పా."

"రెండుసార్లూ నేను ఆ గీత మీద ఉండగా 'వదిలెయ్, వదిలెయ్' అని ఊరంతా వినబడేలా ధైర్యం చెప్పావు. రెండుసార్లూ క్లచ్ వదిలేశాను. రెండుసార్లూ ఇంజిను ఆగింది."

"అదే నాకు అంతుబట్టనిది. మన ఇంటా వంటా లేదు ఈ ఇంజిను ఆగడం అనేది. నా కాలి కింద ఇంతవరకూ ఒక్క బండి ఆగి ఎరగదు. నేర్చుకున్న రోజు కూడా ఆగలేదు. ఆ రోజు సంగతి నేనెవరికీ చెప్పను గానీ..."

ఆ రోజు సంగతి మేనకోడలు చిన్నప్పటి నుంచి వింటూనే ఉంది. విన్న ప్రతిసారీ కొండ ఇంకొంచెం ఎత్తు పెరుగుతుంది. ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చుంది. అవతల ఎవరిదో ఇంజిను ధడేలుమని ఆగింది. ఈల వినబడింది.

"చెప్పండి పెద్దాయనా, ఎలాగూ నా పొయ్యి ఇంకా రాజుకోలేదు" అంది టీకొట్టావిడ.

"ఏముందమ్మా, నేను కార్ఖానాలో చేరిన కొత్త. అప్పుడు వ్యానుకి ఒక ముసలి డ్రైవరుండేవాడు, వ్యాను కంటే వయసులో పెద్దవాడు, వ్యాను కంటే ఎక్కువ పొగ వదిలేవాడు. ఆ రోజు పొద్దున పన్ను పీకించుకుని వచ్చాడు. దవడ ఇంత వాచింది, నోట్లో దూది, కళ్ళు తిరుగుతున్నాయంటాడు. అనలేడు, సైగ చేస్తాడు. అవతల కొండ మీద హాస్టలుకి రొట్టెలు వెళ్ళాలి. అప్పటి యజమాని, అంటే ఇప్పటావిడ మామగారు, మమ్మల్నందర్నీ వరసగా నిలబెట్టి చూశాడు. అందరూ నేల చూపులు చూస్తున్నారు. నేనొక్కణ్ణే ఆయన కళ్ళలోకి చూశా. 'నడపడం వచ్చా?' అన్నాడు. 'రాదు, నేర్చుకుంటా' అన్నా. 'ఎప్పటికి?' అన్నాడు. నా చేతిలో టీ గ్లాసుంది. 'ఇది చల్లారేలోపు' అన్నా."

"చల్లారిందా?"

"వేడిగా ఉండగానే తాగేశా. మధ్యలో మాట్లాడకమ్మా, వరస తప్పుతుంది. ముసలాయన పక్క సీట్లో కూర్చున్నాడు. నోట్లో దూది కదా, పాఠానికి ఒక్క మాటే. 'నొక్కు' అన్నాడు. క్లచ్ నొక్కా. 'వెయ్యి' అన్నాడు. నేను గేరు రాడ్డు మీద ఉన్న బొమ్మ చూశా. ముందుకి నాలుగు, వెనక్కి ఒకటి. 'పెద్దాయనా, వెయ్యి లేవు, ఉన్న అయిదింటితోనే సర్దుకుందాం' అన్నా. ఆయన నెత్తి కొట్టుకుని, నా చెయ్యి పట్టుకుని మొదటి గేర్లోకి తోశాడు. అప్పుడు, సరిగ్గా వినండి, అప్పుడు 'వదులు' అన్నాడు."

"నువ్వేం చేశావు?" అంది మేనకోడలు. కథలో ఈ ముక్క దగ్గర ఆమె ఇదివరకెప్పుడూ ప్రశ్న వెయ్యలేదు.

"ఏం చెయ్యడమేంటే? వదులు అన్నాడు, వదిలేశా. నాకు సగం సగం పనులు చేతకావు. కాలు తీసి పక్కన పెట్టేశా. ఇంక చూడు! వ్యాను ఒక్క గెంతు గెంతింది."

"అప్పుడు ఇంజిను ఆగలేదా?"

"ఆగడానికి దానికి తీరికేదీ? గాల్లో ఉందాయె. ఎదురుగా మనిషెత్తు పిండి బస్తాలు, వాటి మీంచి, కార్ఖానా గేటు మీంచి, గేటు దగ్గర కాపలా ఆయన నెత్తి మీద టోపీ కూడా కదలకుండా, పోయి రోడ్డు మీద దిగింది. దిగడం కూడా ఎలా? ఏ పక్కన వెళ్ళాలో ఆ పక్కనే, ఎటు తిరిగి ఉండాలో అటే తిరిగి. వెనకాల ట్రేలలో ఒక్క రొట్టె నలగలేదు. ముసలాయన నా వైపు చూశాడు. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. గౌరవం అమ్మా అది, గౌరవం."

దర్జీ ఆవిడ మెడలో టేపు సవరించుకుంది. "మా కొట్లో ఎవరైనా 'కొంచెం వదులు చెయ్యండి' అంటే నడుం దగ్గర అర అంగుళం కుట్టు విప్పుతామన్నయ్యా. మీ చేతికిస్తే చొక్కా చొక్కా అంతా విప్పేసి, ముక్కలు పొట్లం కట్టి ఇచ్చేట్టున్నారు."

టీకొట్టావిడ ఈసారి నవ్వు మింగలేదు. మావయ్య కూడా నవ్వాడు, పెద్దమనసుతో.

"చొక్కా వేరు, క్లచ్ వేరమ్మా."

"వదులు ఒకటేగా."

మేనకోడలు నవ్వలేదు. బెంచీ కింద ఆమె ఎడమ కాలు చెప్పులోంచి బయటికి వచ్చి, మళ్ళీ చెప్పు మీద ఆనింది. మడమ నేల మీదే ఉంచి పాదం నొక్కింది. తర్వాత కొద్దిగా, చాలా కొద్దిగా, పైకి లేపింది. అక్కడ ఆపింది.

"సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు మావయ్య. "ఊరు దాటాం. మొదటి గేరు, రెండు, మూడు, నాలుగు, వెన్నలో కత్తి దిగినట్టు దిగుతున్నాయి. కొండ మొదలైంది. కొండంటే మామూలు కొండ కాదు, దాని పైభాగం చూడాలంటే టోపీ పట్టుకోవాలి. మొదటి మలుపు దగ్గర గేరు మారుద్దామని రాడ్డు లాగా. మొత్తం ఊడి చేతికొచ్చేసింది."

"అయ్యో!"

"ఎవరైనా అయితే పై ప్రాణాలు పైనే పోయేవి. నేను చలించలా. కిటికీలోంచి ఆ రాడ్డు అవతల పారేసి..."

"పారెయ్యడమెందుకు?" అంది దర్జీ ఆవిడ.

"మళ్ళీ దాని మీద ఆశ పెట్టుకోకూడదని. పారేసి, చెయ్యి వెనక్కి చాపా. పొయ్యిలోంచి రొట్టెలు తీసే తెడ్డు ఉంటుంది చూడు, పొడుగాటి చెక్క తెడ్డు, అది నా వెంటే ఉంటుంది, కొందరికి గొడుగెలాగో నాకు అదలాగ. దాని పిడి ఆ బెజ్జంలో గుచ్చా. అతికినట్టు సరిపోయింది. కాకపోతే తెడ్డు పొడుగు కదా, గేరు మార్చాలంటే రెండో కొస కిటికీలోంచి బయటికి వెళ్ళి చెట్ల కొమ్మలకి తగులుతోంది. మూడో గేరు వేసినప్పుడల్లా కాయలు రాలి ముసలాయన ఒళ్ళో పడుతున్నాయి. పాపం ఆయన తినలేడు, నోట్లో దూది."

"ఏం కాయలు?"

"చూడ్డానికి నాకు తీరికుందా? నేను కొండెక్కిస్తున్నా!"

"కొండెక్కిందంటే..." దర్జీ ఆవిడ దీపం ఆరిపోయినట్టు చేత్తో ఊదింది. "ఇంజినేనా?"

"ఎక్కింది నేనూ వ్యానూ. ఇంజిను ఆగలేదని ఎన్నిసార్లు చెప్పాలమ్మా? ఆగలేదు కానీ, రెండో మలుపు దాటాక దానికి దమ్ము చాల్లేదు. నిండా రొట్టెల బరువాయె. మొదటి గేర్లో మూలుగుతోంది. ముసలాయన దూది లోంచి ఏదో గొణుగుతున్నాడు, దిగిపోదాం అంటున్నాడేమో. అప్పుడు నాకు తట్టింది. వ్యానుకి ఉన్న గేర్లన్నింటిలోకీ బలమైంది ఏది? రివర్సు! రివర్సు గేరుకి ఉన్న బలం దేనికీ ఉండదు, ఏ మెకానిక్కునైనా అడగండి. వ్యానుని అక్కడికక్కడే ఇటు నుంచి అటు తిప్పేశా. రోడ్డు వెడల్పెంతనుకున్నారు? వ్యాను వెడల్పంత."

"మరెలా తిప్పావు?" అంది మేనకోడలు. ఆమె పాదం నొక్కుతోంది, కొద్దిగా లేపుతోంది, ఆపుతోంది.

"ఆలోచించకుండా తిప్పా. ఆలోచిస్తే తిరగదు. రివర్సు వేశా. మెడ వెనక్కి తిప్పి కూర్చున్నా. వ్యాను వీపు ముందు పెట్టుకుని, సిగ్గుపడే పెళ్ళికూతురిలా, వెనక్కి వెనక్కి, చకచకా కొండెక్కడం మొదలెట్టింది. అక్కడి వరకూ ఏ డ్రైవరైనా చేస్తాడు, నేను కాదనను. అసలు సంగతి ఆ తర్వాత. మీటరు ఉంటుంది చూడు, బండి ఎంత దూరం తిరిగిందో చూపించే మీటరు? అది వెనక్కి తిరగడం మొదలుపెట్టింది."

"మా ఆయన పాత జీపులో కూడా అలా తిరిగేది" అంది టీకొట్టావిడ.

ఒకరు నమ్మేసరికి మావయ్య కాస్త ఇబ్బంది పడ్డాడు. ఆ ఇబ్బంది ఎక్కువసేపు నిలవలేదు.

"తిరిగేది, కానీ అంత వేగంగా తిరిగేదా? నేను పోతున్న వేగానికి మలుపు మలుపుకీ ఒక ఏడాది వెనక్కి పోతోంది. మొదట నేను గమనించలా. తలుపు మీద ఒక సొట్ట ఉండేది, ఎప్పుడో లారీ తగిలింది. 'టప్' మని బయటికి వచ్చేసింది. చూద్దును కదా, తుప్పు పోయింది. రంగు వచ్చింది. అరిగిపోయిన టైర్లకి గాట్లు లేచాయి. సీటు చిరుగులు వాటంతటవే కుట్టుకున్నాయి..."

"మాకు తిండి దొరక్కుండా చేసే బండన్నమాట" అంది దర్జీ ఆవిడ.

"...కుట్టుకున్నాయి, షోరూము వాసన గుప్పుమంది. బండి కొత్తదైపోతోంది! నేను పక్కకి చూశా. ముసలాయన దవడ వాపు తగ్గింది. నోట్లోంచి దూది తీసి అవతల పారేశాడు. పీకించుకున్న పన్ను, నా కళ్ళతో చూశా, మళ్ళీ మొలిచింది. జుట్టు నల్లబడింది. నోరు స్వాధీనంలోకి రాగానే మొదలుపెట్టాడు చూడు, అమ్మో, ఒకటే వాగుడు. తనకి అప్పటికింకా పెళ్ళి కాలేదు కాబట్టి ఎలాంటి పిల్లని చేసుకోవాలో నన్ను సలహా అడుగుతాడు. 'పెద్దాయనా, మీ ఆవిడ ఇంటి దగ్గర నీకోసం జావ కాచి ఉంచిందయ్యా' అంటే వినడే!"

"వెనకాల రొట్టెలో?" అంది మేనకోడలు.

"హా! అక్కడికే వస్తున్నా. నువ్వు కార్ఖానా పిల్లవి కాబట్టి అడిగావు. వెనక్కి చూస్తున్నా కదా, ట్రేలు నాకు కనబడుతూనే ఉన్నాయి. ఎర్రగా కాలిన రొట్టెలు కాస్తా తెల్లబోయాయి. ఇంకో మలుపు, మెత్తబడి ముద్దలైపోయాయి. ఇంకో మలుపు, పొడి పిండి! వ్యాను లోపలంతా తెల్లటి దుమ్ము, దారి కనబడటం లేదు. ఇంకో మలుపు తిరిగేసరికి ట్రేల నిండా గోధుమలు గలగలలాడుతున్నాయి. సరే, ఇంతటితో ఆగుతుందిలే అనుకున్నా. ఆగలేదమ్మా. ఆ తర్వాతి మలుపులో చూస్తే, వ్యాను వెనకాల పచ్చగా పైరు! గాలికి ఊగుతోంది. పిట్టలు వాలుతున్నాయి. నాకు చెమటలు పట్టాయి. హాస్టల్లో పిల్లలకి నేనేం చెప్పను? కోతకి ఇంకా టైముంది బాబూ, కూర్చోండి అనా?"

"కోతలకి లోటేముంది, దండిగానే పడుతున్నాయి" అంది టీకొట్టావిడ. పొయ్యి రాజుకుంది, పాలు పెట్టింది.

మావయ్య ఆ మాట విన్నాడో లేదో. ఆయన ఇప్పుడు బెంచీ మీద లేడు. లేచి నిలబడి రెండు చేతులతో గాల్లో స్టీరింగు పట్టుకుని, మెడ వెనక్కి తిప్పి ఉన్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మీటరు సున్నాకొచ్చింది. నేను ఆగలేను, ఆగితే జారిపోతా. సున్నా దాటింది! సున్నా కంటే కిందకి పోతే ఏమవుతుంది? బండి ఇంకా తయారే కాలేదన్నమాట. ముందు లైట్లు పోయాయి. తర్వాత తలుపులు. టైర్లు కరిగి రబ్బరు చెట్టు పాలైపోయి రోడ్డు మీద ధారగా కారిపోయాయి. పైకప్పు పోయింది, ఎండ నెత్తి మీద పడింది. ముసలాయన లేడు, ఆయన అప్పటికి ఏ బడిలోనో పలక పట్టుకుని ఉండుంటాడు. చివరి మలుపుకి వచ్చేసరికి నా చేతిలో ఈ స్టీరింగు ఒక్కటే ఉంది, మిగతా బండి ఇంకా ఎవరి ఆలోచనలోకి కూడా రాలేదు! గాల్లో కూర్చుని, చేతిలో చక్రం పట్టుకుని, వెనకాల పైరుతో సహా, హాస్టలు గేట్లోకి రివర్సులో వెళ్ళా. ఇంజిను ఆగిందా? ఇంజినే లేదు, ఇంకేం ఆగుతుంది!"

"పిల్లల సంగతేమిటి పెద్దాయనా? పస్తేనా?"

"పస్తా? నేనుండగానా?" మావయ్య కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. ఇక్కడ ఆయన ముఖంలో నిజమైన గర్వం ఒకటి కనబడింది. "మొదటి గేరు వేశా. ఆ హాస్టలు మైదానంలో ముందుకి నడపడం మొదలుపెట్టా. రౌండు మీద రౌండు. బండి వచ్చింది, తలుపులొచ్చాయి, పైరు పండింది, గోధుమలయ్యాయి, పిండయింది, ముద్దయింది. అక్కడి నుంచి జాగ్రత్తగా ఉండాలి. ఇంకొక్క రౌండు ఎక్కువైతే మాడిపోతాయి. నేను వాసన చూసుకుంటూ నడిపా. పైన ఎరుపు తిరిగి, అంచు దగ్గర కొంచెం ముదురు రంగు రాగానే, టక్కుమని బ్రేకు. దించుకోండి అన్నా. చెయ్యి పెట్టలేనంత వేడి. వార్డెనమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. అంతే. అదీ నేను డ్రైవింగు నేర్చుకున్న రోజు. టీ గ్లాసు తీసుకెళ్ళి కార్ఖానాలో ఇచ్చేసరికి అడుగున ఇంకా గోరువెచ్చగానే ఉంది. ఇంతా చేసి, ఇంజిను ఒక్కసారి, ఒట్టు, ఒక్కసారి ఆగలేదు."

పాలు పొంగుకొచ్చాయి, టీకొట్టావిడ మంట తగ్గించింది.

"మావయ్యా," అంది మేనకోడలు.

"ఊఁ."

"వ్యాను కొత్తదైపోయింది."

"అయింది."

"రొట్టెలు పైరైపోయాయి. పెద్దాయనకి పన్ను మళ్ళీ వచ్చింది."

"నా కళ్ళతో చూశానంటున్నాగా."

"మరి నీకు?"

"నాకేంటే? నేనప్పుడు కుర్రాణ్ణి. నాలో వెనక్కి పోవడానికేముంది?"

"ఆ పొద్దునే నేర్చుకున్న డ్రైవింగుంది కదా. అన్నిటికంటే కొత్తది అదే. అన్నిటికంటే ముందు పోయేదీ అదే. మొదటి మలుపులోనే పోయి ఉంటుంది."

మావయ్య నోరు తెరిచాడు. ఎప్పుడు తెరిచినా ఏదో ఒకటి బయటికి వచ్చే నోరు అది. ఈసారి వచ్చింది దగ్గు ఒక్కటే.

"తర్వాత ముందుకి నడిపినప్పుడు తిరిగి వచ్చే ఉంటుంది కదమ్మా" అంది టీకొట్టావిడ, జాలిపడి.

"వచ్చినట్టు లేదు" అంది దర్జీ ఆవిడ. "పొద్దున గేటు దగ్గర చూశాగా. మీ మావయ్య రౌండ్లు ముందే ఆపేసినట్టున్నాడు, రొట్టెలు మాడతాయని."

ముగ్గురు ఆడవాళ్ళూ ఒకేసారి నవ్వారు. టీకొట్టావిడ పైట కొంగుతో కళ్ళు తుడుచుకుంది. చివరికి మావయ్య కూడా నవ్వేశాడు. నవ్వక ఏం చేస్తాడు? కథ ఆయనదే, అందులో ఆ కన్నం పెట్టి ఉంచిందీ ఆయనే.

"రొట్టెల వ్యాను!" అని గేటు దగ్గర పరీక్ష అధికారి కేక వేశాడు.

మేనకోడలు లేచింది. నవ్వు ముఖం మీద నుంచి ఇంకా పూర్తిగా పోలేదు. తాళం చెవుల కోసం చెయ్యి చాపింది. "నువ్వు ఇక్కడే కూర్చో మావయ్యా. ఆ ఒక్క మాట మాత్రం వద్దు."

"ఏ మాట?"

"నీకు తెలుసు."

ఆమె వెళ్ళిపోయాక మావయ్య కూర్చోలేకపోయాడు. గోడ దగ్గరకి వెళ్ళి నిలబడ్డాడు. వ్యాను మైదానంలో ఒక చుట్టు తిరిగింది, డ్రమ్ముల మధ్య నుంచి వెనక్కి వెళ్ళింది, వచ్చింది. ఎత్తు వైపు తిరిగింది. టీకొట్టావిడ ఒక పెద్ద బిస్కెట్టు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "నోట్లో వేసుకోండి పెద్దాయనా, మొత్తం" అంది. ఆయన ఎందుకని అడగలేదు. మొత్తం నోట్లో కుక్కుకున్నాడు.

వ్యాను తెల్ల గీత మీద ఆగింది. పక్క సీట్లో అధికారి కిటికీ బయటికి చూస్తున్నాడు. అద్దంలోంచి మేనకోడలి ముఖం కనబడుతోంది గానీ, కనబడవలసింది ఆమె కాలు, అది కనబడదు. మావయ్య బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి. కళ్ళు కూడా. ఆయన కుడి చెయ్యి గోడ అంచుని పట్టుకుంది.

ఇంజిను శబ్దం పెరిగింది. అప్పుడు, తన్నుకుని ఆగిపోయే బదులు, కొంచెం గొంతు తగ్గించింది. వ్యాను ముక్కు రవ్వంత పైకి లేచింది. లేచి, అక్కడే నిలబడింది. వెనక్కి జారలేదు, ముందుకీ దూకలేదు.

"అర అంగుళం" అంది వెనక నుంచి దర్జీ ఆవిడ, మెల్లగా, తనలో తను కొలుచుకుంటున్నట్టు.

వ్యాను కదిలింది. ఎత్తు పైదాకా తాపీగా ఎక్కి, అవతలి వైపు దిగింది.

మావయ్య బిస్కెట్టు మింగడానికి చాలాసేపు పట్టింది. టీకొట్టావిడ అడక్కుండానే ఒక టీ పోసి ఇచ్చింది. పొగలు కక్కుతున్న ఆ గ్లాసు పట్టుకుని ఆయన అలాగే నిలబడ్డాడు.

మేనకోడలు చేతిలో చీటీతో వచ్చింది. నవ్వుతోంది.

"పాసేనా?" అంది దర్జీ ఆవిడ.

"పాసేనండీ. మీ 'వదులు'తోనే గట్టెక్కాను. మీరు కూడా అక్కడ ఏదీ పూర్తిగా విప్పెయ్యకండి."

"నాకెందుకు చెప్తావమ్మా, ఏళ్ళుగా చేస్తున్న పనేగా అది."

మావయ్య టీ ఆమె చేతికిచ్చాడు. "తాగు. సోమవారం నుంచి నీకు ఆ కాగితాల గది లేదు" అన్నాడు. ఆయన నోటి నుంచి అంత చిన్న మాట రావడం ఆమె ఎప్పుడూ వినలేదు. ఆ వెంటనే, "నేను నేర్పినదేనమ్మా అదంతా, పునాది నాదే" అని టీకొట్టావిడతో అన్నాడు. అయితే అదీ ఆయన మామూలు గొంతుతో పోలిస్తే సగమే.

వెళ్ళేటప్పుడు మావయ్య తనంతట తనే వ్యాను చుట్టూ తిరిగి వెళ్ళి అవతలి సీట్లో కూర్చున్నాడు. మేనకోడలు స్టార్టు చేసింది. వ్యాను మెల్లగా జారుకుంటూ వెళ్ళి గేటు దగ్గర ఒక్క కుదుపు కుదిపి, ధడేలుమని ఆగింది.

"ఏమైందమ్మా, ఆగిపోయిందా?" అని దర్జీ ఆవిడ బెంచీ మీద నుంచి కేకేసింది.

మేనకోడలు కిటికీలోంచి తల బయటికి పెట్టింది. "ఆగిపోలేదండీ! నేనే ఆపా. ముందున్నవాళ్ళకి దారివ్వడానికి."

మావయ్య ఒకసారి అద్దంలోంచి ముందుకి చూశాడు. రోడ్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఖాళీగా ఉంది.

"కోతలు కొయ్యకే" అన్నాడు.